పాప గదికి వెచ్చని గాలి

కాఫీ రెండోసారి వెచ్చబెట్టినా మామగారు పైకి రాలేదు.

అలా రాకపోవడం ఆ ఇంట్లో చిన్న విషయం కాదు. జ్వరమొచ్చినా, మెషిన్ మొరాయించినా, ఆఖరికి అత్తగారు పోయిన మర్నాడు కూడా ఆయన పొద్దున్నే కింద డ్రై క్లీనింగ్ దుకాణం వెనక గదిలోంచి లేచి, మెట్లెక్కి వచ్చి, ఇదే వంటింట్లో ఇదే స్టూలు మీద కూర్చుని కాఫీ తాగారు. ఇవాళ స్టూలు ఖాళీగా ఉంది. రాత్రి భోజనాల దగ్గర తండ్రీకొడుకుల మధ్య పేలిన మాటలు అలాంటివి మరి.

కోడలు గిన్నె మీద మూత పెట్టి ముందు గదిలోకి తొంగి చూసింది. భర్త దుప్పట్లు మూట కడుతున్నాడు. కట్టిన ముడి నచ్చక విప్పుతున్నాడు, విప్పింది మళ్లీ కడుతున్నాడు. ఏడాదిన్నర పాప బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, ఇదంతా తన కోసం పెట్టిన ఆటే అనుకుని చప్పట్లు కొడుతోంది.

"బండి ఎప్పుడొస్తుంది?" అంది కోడలు.

"సాయంత్రం."

"ఆ అద్దె వాటాలో గాలీ వెలుతురూ ఉన్నాయా? కనీసం చూశారా?"

"ఉన్నాయి."

"వంటిల్లు?"

"అదీ ఉంది."

ఇలా ముక్తసరిగా మాట్లాడే మనిషి కాదతను. మామూలు రోజుల్లో అయితే వంటిల్లు గురించి అడిగితే గోడల రంగు దాకా వర్ణించి, చివరికి వంటింటి సంగతి మర్చిపోయే రకం.

"మామయ్య కాఫీకి రాలేదు."

"రాడు. రాత్రి నేనన్న మాటలు పడితే నేనైనా రాను."

"అన్నది మీరేగా."

"నేనే. గట్టిగా అన్నాను. వీధంతా వినే ఉంటుంది. వినాలనే అన్నాను."

అన్నాడు, నిజమే. ఈ కంపు దుకాణం పట్టుకుని వేలాడే మనిషితో ఇక నా వల్ల కాదన్నాడు. కాలం మారింది, నీళ్లతో ఉతికే కొత్త మెషిన్ పెట్టమని ఏడాదిగా మొత్తుకుంటుంటే చెవిన పెట్టడం లేదన్నాడు. పెళ్లాం బిడ్డల్ని తీసుకుని నా దారి నేను చూసుకుంటానన్నాడు. మామగారు ఒంటికాలి మీద లేచారు. "దారి తలుపవతలే ఉంది. ఎవరు పట్టుకున్నారు నిన్ను?" అని సగం భోజనం వదిలేసి కిందికి దిగిపోయారు. చూసిన వాళ్లెవరైనా అది మెషిన్ గొడవే అనుకుంటారు.

అది మెషిన్ గొడవ కాదని మొగుడికీ పెళ్లానికీ మాత్రమే తెలుసు. అసలు సంగతి గడియ పెట్టిన పాప గదిలో ఉంది.

బట్టల్ని నీళ్లు తగలకుండా ఉతికే ద్రావకాన్ని ఆ ఇంట్లో అందరూ మందు అనే అంటారు. ఇళ్ల కింద నడిచే దుకాణాల్లో ఇక ఆ మందు వాడకూడదని కొత్త నిబంధన వచ్చింది. పై అంతస్తుల్లో గాలి బాగుందని తేలిన వీధులకి మాత్రం ఇంకొంత గడువిస్తారట. అది తేల్చడానికే ఆ మధ్య ఆఫీసరమ్మ ఒకావిడ వచ్చి, వాటావాటాలోనూ గాలిని కొలిచే చిన్న బిళ్ల గదికొకటి వేలాడదీసి వెళ్లింది. మామగారు ఆవిడకి 'తాయెత్తుల ఆఫీసరు' అని పేరు పెట్టారు. ఆ పేరు వీధంతా పాకింది. చివరికి ఆవిడ చెవిన కూడా పడిందట, నవ్వి ఊరుకుందట.

నిన్న మధ్యాహ్నం, మామగారు సరుకు కోసం బజారుకెళ్లిన సమయంలో, ఆవిడే స్వయంగా మెట్లెక్కి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"పైన అద్దెకున్న వాళ్ల గదులన్నీ పర్వాలేదండీ. మీ వంటిల్లూ, ఈ గదీ కూడా పర్వాలేదు," అంది. "పాప పడుకునే గదిలోనే మందు ఆవిరి చాలా ఎక్కువగా ఉంది. కింద మెషిన్ పక్కన రోజంతా నిలబడే మనిషి దగ్గర ఉన్నదానికన్నా ఎక్కువ. ఆ గదిలోకి కింద నుంచి ఏదైనా దారి ఉందా?"

ఉంది. మామగారు పెట్టిన దారి.

కిందటి చలికాలం, నెలల పిల్ల చలికి ముడుచుకుపోతోందని ఆయన ప్రాణం కొట్టుకుంది. మెషిన్ గది చూస్తే ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. అంత వెచ్చదనం ఊరికే గోడల పాలవుతోందని ఆయన బాధ. సెలవు రోజులన్నీ సుత్తీ ఉలీ పట్టుకుని కూర్చుని, మెషిన్ గది కప్పుకి కన్నం పెట్టి, రేకు గొట్టం దింపి, పైన పాప గది మూల ఒక జాలీ బిగించారు. పాకే పిల్ల వేలు కోసుకుంటుందేమోనని ఆ జాలీ అంచులు ఆకురాయితో నున్నగా రుద్దారు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ల అరచేతినీ అక్కడ పెట్టించి, "చూశారా, ఇదీ మా దొరసాని గది" అని మురిసిపోయారు. ఆయన నోట మనవరాలికి వేరే పేరు లేదు.

మరి వాసన? ఆ ఇంట్లో వాసన ఎవరికి తెలుస్తుంది? కోడలు కాపరానికొచ్చిన కొత్తలో ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకు తిరిగింది. పోను పోను అదే ఇంటి వాసన అయిపోయింది. ఊరెళ్లి వస్తే ఆ వాసన తగలగానే ఇల్లు చేరామని ప్రాణం కుదుటపడేది కూడా.

పాప చక్కగా నిద్రపోయేది. పడుకోబెడితే చాలు, ఉలుకూ పలుకూ ఉండేది కాదు. ఇంత బుద్ధిమంతురాలైన పిల్లని ఎక్కడా చూడలేదని అందరూ అనేవారు. పక్క గదిలో కూర్చుని చిరుగుబట్టలకి రఫ్ఫు చేసుకుంటూ ఆ తల్లి ఎంత గర్వపడిందో. ఇప్పుడు ఆ పొగడ్తలు ఒక్కటీ తలుచుకోలేకపోతోంది.

నిన్న సాయంత్రం డాక్టరు దగ్గరికి పరిగెత్తారు. గాలి మారిస్తే కోలుకుంటుంది, తొందరగానే కనిపెట్టారు, అయినా కొన్ని పరీక్షలు చేయిద్దాం అన్నాడాయన. ఇంటికి రాగానే భర్త పాత గుడ్డలన్నీ గొట్టంలో కుక్కి, పైన చెక్క పెట్టి, కింద మెషిన్ మోతలో వినపడకుండా మేకులు కొట్టాడు. ఆఫీసరమ్మ మాత్రం ఒక మాటిచ్చి వెళ్లింది. గడువు సంగతి తేల్చడానికి రేపు అందరి ముందూ జరిగే విచారణలో, ఇలా ఒక ఇంట్లో తేలింది అంటానే తప్ప ఎవరి ఇల్లో చెప్పనంది.

"రాత్రి చెబుదామనే కూర్చున్నాను," అన్నాడు భర్త మూట వైపే చూస్తూ. "నాన్న పాపకి తినిపిస్తున్నాడు. 'చలి ముదురుతోందిరా, గొట్టం ఇంకాస్త వెడల్పు చేస్తాను' అన్నాడు. నేను నోరు తెరిచాను. నోట్లోంచి మెషిన్ గొడవ వచ్చింది."

"దాంతోనే పోనిచ్చారు."

"పోనిచ్చాను. కొడుకు పనికిమాలినవాడని తిట్టుకుంటూ బతకనీ. ఆ తిట్లు నేను మోస్తాను. ఇది మాత్రం ఆయన మొయ్యలేడు."

కోడలికి అతని మీద కోపమొచ్చింది, ఆ కోపం పూర్తిగా రాకముందే జాలేసింది. కాఫీ గ్లాసులో పోసుకుని కిందికి దిగింది.

*

మామగారు మరకల బల్ల దగ్గర నిలబడి, ఎవరిదో బూడిద రంగు కోటు కాలరు మీద సిరా మరకని చిన్న బ్రష్షుతో అద్దుతున్నారు. వీధిలో ఆయన్ని మరకల మేస్త్రి అంటారు. ఎంత కోపంలో ఉన్నా బ్రష్షు మాత్రం బట్ట మీద మెత్తగానే ఆడుతుంది. రాత్రి కోపం ఆయన బిగించిన దవడలో కనిపిస్తోంది.

ఎదురుగా బెంచీ మీద గంజి బాబాయ్ కూర్చుని ఉన్నాడు. వీధి చివర లాండ్రీ ఆయనది. ఆయన గంజి పెట్టిన చొక్కా లోపల మనిషి లేకపోయినా నిలబడుతుందని జనం నవ్వుకుంటారు. ఆయన దుకాణంలోనూ ఇలాంటి మెషినే, ఆయన కాపరమూ దుకాణం పైనే.

"కాఫీ, మామయ్యా."

"మీ ఆయన పంపించాడా?"

"నేనే తెచ్చాను."

"అయితే తాగుతా." గ్లాసు అందుకుని, ఆమె వెనక్కి చూశారు. "దొరసానిని తేలేదేం?"

"పైన ఆడుకుంటోంది."

"ఏమ్మా, మీ ఆయన వేరు కాపరం పెడుతున్నాడటగా?" అన్నాడు గంజి బాబాయ్.

"నా ఇంటి సంగతి నాకొదిలెయ్," అన్నారు మామగారు. "నువ్వు రేపటి సంగతి చూడు."

"రేపు చూడ్డానికేముంది? నువ్వు మాట్లాడితే చాలు మేస్త్రీ. మేమంతా వెనక కూర్చుని తలలూపుతాం. నీ మాటంటే ఆ ఆఫీసులో కూడా గౌరవమే. నువ్వు గాలి బాగుందంటే బాగున్నట్టే."

మామగారు గ్లాసు కింద పెట్టి, విచారణలో నిలబడినట్టే నిలబడ్డారు. "ఇన్నేళ్లలో మా మందు వల్ల ఎవరికైనా తుమ్మొచ్చిందా, దగ్గొచ్చిందా అని అడుగుతా. ఉన్ని కోటు నీళ్లలో వేసి తీస్తే బొమ్మకి తొడగడానికి పనికొస్తుంది, మనిషికి కాదని చెప్తా. మెషిన్లు మార్చమంటే నోటితో చెప్పినంత తేలికా? వీధిలో సగం దుకాణాలు మూతపడతాయి, వాళ్లంతా ఎక్కడికి పోవాలో చెప్పమంటా."

"ఎవరింట్లోనో గాలి చెడిందని చెప్తుందట ఆవిడ. పేరు మాత్రం చెప్పదట."

"చెప్పమంటా. ఏ ఇల్లో అందరి ముందూ చెప్పమంటా. ఆ ఇంటి యజమాని లేచి నిలబడాలంటా. సొంత ఇంట్లోవాళ్లు ఏ గాలి పీలుస్తున్నారో చూసుకోలేనివాడికి దుకాణం దేనికి, సంసారం దేనికి అని నిలదీస్తా."

కోడలు ఖాళీ గ్లాసు తీసుకోబోయి ఆగిపోయింది. ఆ క్షణంలో భూమి చీలి లోపలికి పోతే బాగుండునని ఆమెకి నిజంగానే అనిపించింది.

"అన్నట్టు మేస్త్రీ," అన్నాడు గంజి బాబాయ్ లేస్తూ, "మా అమ్మాయికి నెలలు నిండుతున్నాయి కదా, మెషిన్ మీది గదే దానికిచ్చాం. చలి చలి అని ఒకటే గోల. నీ గొట్టం సంగతి చెప్పాను. పాప అంత హాయిగా నిద్రపోతుందటగా, నాకూ పెట్టించు నాన్నా అని నా ప్రాణం తీస్తోంది. ఇవాళ తీరుతుందా నీకు?"

"తీరకపోవడమేంటి? రేకు మిగిలే ఉంది. పైకెళ్లి మా గొట్టం కొలత తీసుకుని బయల్దేరతా. నువ్వు దుకాణం ఎవరికైనా అప్పజెప్పి రా, కలిసి వెళ్దాం."

గంజి బాబాయ్ వెళ్లిపోయాడు. మామగారు మళ్లీ బ్రష్షు అందుకున్నారు గానీ, మరక మీద పెట్టలేదు.

"అమ్మాయ్," అన్నారు గొంతు తగ్గించి. "వాడు వెళ్తే వెళ్లనీ. నేను పట్టుకోను. నీ మీద నాకేం లేదు, తెలుసుగా?"

"తెలుసు మామయ్యా."

"ఆ వాటాలో పాపకి ఏ గది ఇస్తున్నారు? ఈదురుగాలి కొట్టే వైపు అయితే చెప్పు. కిటికీ సందులన్నీ మూసి బిగించి వస్తా. వాడు ఇంట్లో లేని వేళ చూసి వస్తాలే. వాడికి తెలియనక్కర్లేదు."

కోడలు తలూపి, గ్లాసు తీసుకుని, గబగబా మెట్లెక్కేసింది.

*

"చెప్పేద్దాం," అంది పైకి రాగానే.

"చెప్పొద్దనుకున్నాం కదా."

"మీరనుకున్నారు. నేను ఊరుకున్నాను, అంతే. గంజి బాబాయ్ వాళ్ల అమ్మాయి గదికి కూడా గొట్టం పెడతారట. ఇవాళే. అమ్మాయికి నెలలు నిండుతున్నాయి."

భర్త చేతిలోంచి తాడు జారిపోయింది. "నేను బాబాయ్‌ని ఆపుతాను. కప్పు బలంగా లేదని, కూలుతుందని ఏదో ఒకటి చెప్తాను," అన్నాడు.

"బాగుంది. మరి రేపు? ఆ ఇంటివాడెవడో లేచి నిలబడమంటారట మామయ్య. ఆవిడ మన మీద జాలితో నోరు మెదపదు. మామయ్య మాట నెగ్గుతుంది. వీధి వీధంతా ఆ మందు అలాగే నడుస్తుంది."

"మన గొట్టం మూసేశాం. మన పాపకి ఇంకేం కాదు."

"ఈ వీధిలో నిద్రపోయేది మన పాప ఒక్కతేనా?"

పాప బకెట్టు దిగి, మూటలో చెయ్యి దూర్చి ఒక తువ్వాలు లాగింది. భర్త అది లాక్కుని మడత పెట్టబోయి, మడత పెట్టకుండానే ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"చిన్నప్పుడు నాకు ఆయాసం వచ్చేది," అన్నాడు. "చలి తగలకూడదన్నారు. నాన్న ఏం చేసేవాడో తెలుసా? మెషిన్లోంచి అప్పుడే తీసిన కోట్లు, ఎవరెవరివో, వేడివేడిగా తెచ్చి నా మీద కప్పేవాడు. ఒకటి చల్లారితే ఇంకోటి. పొద్దున్న లేచి అవన్నీ మళ్లీ ఇస్త్రీ చేసుకునేవాడు. ఎవరి కోటు నలిగిందో ఒక్కరికీ తెలిసేది కాదు."

"ఎప్పుడూ చెప్పలేదే."

"ఎందుకు చెప్తాను? నాకు అది చాలా ఇష్టమైన జ్ఞాపకం. నిన్న ఆవిడ వెళ్లాక గుడ్డలు కుక్కుతూ కూర్చుంటే గుర్తొచ్చింది. ఆ కోట్లకి కూడా ఈ మందే..."

మాట పూర్తి చెయ్యలేదు. చెయ్యనక్కర్లేదు కూడా.

"నాకే గుర్తొచ్చింది," అన్నాడు తువ్వాలు పక్కన పెట్టి. "ఆయనకి గుర్తురాదా? పాప సంగతి చెప్తే నా సంగతీ చెప్పినట్టే. నువ్వు చెప్పగలవా ఆయన మొహంలోకి చూసి?"

కోడలు అతని పక్కన కూర్చుంది. పెళ్లయ్యాక ఇన్నేళ్లలో మామగారు ఆమెని ఒక్క మాట అన్నది లేదు. రఫ్ఫు చేసిన చోటుని వెలుతురుకి పట్టుకుని, "ఎక్కడ చిరిగిందో కనుక్కోండి చూద్దాం" అని బేరానికొచ్చిన వాళ్లతో పందెం కట్టే మనిషి. అలాంటి ఆయన గుండె మీద కొట్టే పని తనకే పడాలా?

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది.

*

మామగారు భుజానికి పనిముట్ల సంచి, చెవి మీద పెన్సిలు, చేతిలో కొలత టేపుతో వచ్చారు. కొడుకు వైపు చూడలేదు. మూటల వైపు కూడా చూడనట్టే నటించారు.

"నేనెవరి కోసమూ రాలేదు. గొట్టం కొలత కోసం వచ్చా," అన్నారు గోడకి చెప్తున్నట్టు.

పాప తప్పటడుగులేసుకుంటూ ఎదురెళ్లింది. వంగి ఎత్తుకుని, ఆ చిన్న తల మీద ముక్కు ఆనించి, "ఏం దొరసానీ, నన్నొదిలి పోతున్నావట? అడిగావా నన్ను?" అన్నారు. పాప ఆయన చెవి మీది పెన్సిలు లాక్కుంది. ఆయన పాపని దింపి, గడియ తీసి గదిలోకి నడిచారు.

భర్త లేవబోయి కూర్చుండిపోయాడు.

"ఇదెవరు మూశారు?" అన్న గొంతు గదిలోంచి వినిపించింది.

"నేనే," అన్నాడు కొడుకు.

"ఎందుకు?"

"మేం వెళ్లిపోతున్నాంగా. ఇంకెవరికి?"

"నా మీద కోపం గొట్టం మీద చూపిస్తావా? గది చూడు, ఎలా చల్లబడిపోయిందో." సుత్తి వెనక్కి తిప్పి మేకులు పీకుతున్న చప్పుడు. "వెళ్లేదాకానైనా పిల్ల వెచ్చగా ఉండనీ."

కోడలు ఎలా వెళ్లిందో ఆమెకే తెలియదు. వెళ్లేసరికి చెక్క పక్కన పడి ఉంది. ఆయన మోకాళ్ల మీద కూర్చుని గొట్టంలోంచి మొదటి గుడ్డ లాగేశారు. రెండోది పట్టుకున్న చేతిని ఆమె గట్టిగా పట్టుకుంది. ఇన్నేళ్లలో మామగారి చెయ్యి ఆమె ముట్టుకున్నది అదే మొదటిసారి.

"వద్దు మామయ్యా."

"పాప గదమ్మా ఇది."

"అందుకే వద్దు."

కింద నుంచి గంజి బాబాయ్ కేక వినిపించింది. "మేస్త్రీ, బయల్దేరదామా? అమ్మాయి సామాన్లన్నీ పక్కకి జరిపించి కూర్చుంది."

"వస్తున్నా, ఉండు," అని కేకేసి, ఆయన చెయ్యి విడిపించుకోబోయారు. ఆమె విడిచిపెట్టలేదు. విడిచిపెడితే ఆ చెయ్యి ఈ గొట్టం తెరుస్తుంది, ఆ వెంటనే వెళ్లి ఇంకో ఇంట్లో కన్నం పెడుతుంది.

మామగారు ఆమె చేతిని చూశారు. తర్వాత ఆమె మొహం చూశారు. తర్వాత, ఎందుకో, గోడ మీద ఆఫీసరమ్మ బిళ్ల వేలాడదీసిన మేకు వైపు చూశారు.

"ఆవిడ వచ్చిందా?" అన్నారు.

భర్త వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నేను లేనప్పుడు వచ్చిందన్నమాట." చేతిలోని గుడ్డ మెల్లగా ముక్కు దగ్గరికి తీసుకున్నారు. గట్టిగా పీల్చారు. మళ్లీ పీల్చారు. "నా ముక్కు ఎప్పుడో చచ్చిపోయిందమ్మా. కాపరానికొచ్చిన కొత్తలో నువ్వు కొంగు అడ్డం పెట్టుకుంటే నేను నవ్వేవాణ్ని. నువ్వు చెప్పు. దీనికి వాసన వస్తోందా?"

గుడ్డ అందించారు. రాత్రంతా గొట్టం నోట్లో ఉన్న గుడ్డ అది. అలవాటు పడిపోయిన ఆమె ముక్కుకే గుప్పుమని కొట్టింది.

"వస్తోంది మామయ్యా."

"బాగా వస్తోందా?"

"బాగా."

ఆయన తలూపారు. గోడకి చేరగిలబడి కూర్చున్నారు. పాప మంచం వైపు, దాని కాళ్ల దగ్గరున్న జాలీ వైపు చూశారు.

"అందుకేనా దొరసాని అంత నిద్రపోయేది?"

"డాక్టరుకి చూపించాం మామయ్యా. తొందరగానే తెలిసింది, కోలుకుంటుందన్నారు. నిజంగానే అన్నారు."

ఆ మాట ఆయనకి ఎంతవరకు చేరిందో తెలియలేదు. కొడుకు వైపు తిరిగారు. పొద్దున్నుంచీ అతని మొహంలోకి చూడడం అదే మొదలు.

"రాత్రి నువ్వు అరిచింది ఇందుకా?"

"కాదు. మెషిన్ గురించే అరిచాను."

"నీకు అబద్ధం చెప్పడం చిన్నప్పట్నుంచీ రాదురా," అన్నారు మెత్తగా. ఆ చిన్నప్పుడు అన్న మాట దగ్గరే ఆయన ఆగారు. కొడుకు మొహం మీదే చూపు నిలిచిపోయింది. ఆ వేడి కోట్లే ఆయనకీ గుర్తొచ్చాయని కొడుక్కి తెలిసిపోయింది. తల దించేసుకున్నాడు.

అప్పుడు పాప వచ్చింది. తండ్రి కాళ్ల సందులోంచి దూరి, గదంతా దాటి, తాత ముందు నిలబడి రెండు చేతులూ పైకెత్తింది.

"తాతా, ఎత్తు."

ఆయన లేచి నిలబడ్డారు. రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుని, ఒక అడుగు వెనక్కి వేశారు. పాప ఒక అడుగు ముందుకేసింది. ఆయన ఇంకో అడుగు వెనక్కి వేసి గోడకి ఆనుకున్నారు.

"ఎత్తుకోండి మామయ్యా," అంది కోడలు. ఏడుపు ఆపుకోవడం ఆమె వల్ల కావడం లేదు.

"నా ఒళ్లంతా అదేనమ్మా. బట్టలకీ అదే, చేతులకీ అదే. ఇందాక ఎత్తుకున్నాను కూడా." పాప తల వైపు భయంగా చూశారు. "స్నానం చేసి వస్తా. శుభ్రంగా చేసి వచ్చి ఎత్తుకుంటా. ఉండు దొరసానీ, ఇప్పుడే వస్తా."

గోడ పక్కనుంచి, పాపకి బట్ట కూడా తగలకుండా ఒదిగి ఒదిగి నడిచి, స్నానాల గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు. నీళ్ల చప్పుడు మొదలైంది.

కింద నుంచి గంజి బాబాయ్ మళ్లీ పిలిచాడు. భర్త మెట్ల దగ్గరికి వెళ్లి, "నాన్న ఇవాళ రాడు బాబాయ్," అన్నాడు.

"పోనీ రేపు విచారణకి వస్తాడుగా? అందరం ఆయన్నే నమ్ముకున్నాం."

భర్త వెనక్కి తిరిగి కోడలి వైపు చూశాడు.

"అమ్మాయిని ఆ గదిలోంచి మార్చు బాబాయ్. ముందు ఆ పని చెయ్యి. ఎందుకో సాయంత్రం వచ్చి నేను చెప్తాను," అన్నాడు.

వీధిలో బండి ఆగిన చప్పుడైంది. సాయంత్రం రావాల్సిన బండి ముందే వచ్చేసింది. ఎవరూ మూటల దగ్గరికి వెళ్లలేదు. పాప స్నానాల గది తలుపు ముందు కూర్చుని, అరచేత్తో తలుపుని తడుతూ తాతా, తాతా అని పిలుస్తోంది. ముందు నవ్వుతూ పిలిచింది. తర్వాత బుంగమూతి పెట్టి పిలిచింది. మామూలుగా అయితే దొరసాని రెండోసారి పిలిచేదాకా ఆగే మనిషి కాదాయన.

లోపల బకెట్టు నిండుతోంది, ఖాళీ అవుతోంది, మళ్లీ నిండుతోంది. సబ్బుతో ఒళ్లు రుద్దుకుంటున్న చప్పుడు తలుపు ఇవతలికి వినిపిస్తోంది. కోడలు తలుపు దాకా వెళ్లి నిలబడింది. భర్త కూడా వచ్చాడు. పాపని ఎత్తుకుని భుజాన వేసుకుని, తలుపుకి నుదురు ఆనించాడు.

"నాన్నా, చాలు," అన్నాడు. "వచ్చెయ్యి."

లోపల చెంబు మళ్లీ బకెట్టులో మునిగింది.